బట్టకు పెట్టిన పొగ

మా దుకాణంలో ఊదు లేని రోజు లేదు. బాసర గుడికి పోయే దారిలో మాది పూజసామాను దుకాణం. పలకలు, బలపాలు, నోటుపుస్తకాలు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, అక్షరాభ్యాసానికి వచ్చేవాళ్లకు కావలసినవన్నీ ముందు వరసలో ఉంటాయి. ఊదు వెనక అరలో, గాజు సీసాలో ఉంటుంది. దూరం నుంచి వచ్చినవాళ్లు సాంబ్రాణి అని అడుగుతారు. మావాళ్లు ఊదు అంటారు. గురువారం గురువారం నెమలీకల కట్ట పట్టుకొని దుకాణాలకు పొగ వేయడానికి వచ్చే ఫకీరు సాబు లోబాన్ అంటాడు. ఎవరు ఏ పేరుతో అడిగినా నా చెయ్యి ఆ ఒక్క సీసా మీదికే పోతుంది. ముప్పై ఏళ్లుగా దాన్ని తూచి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తున్నాను. ఎవరైనా చంటిపిల్లను చంకన వేసుకొని వచ్చి "పిల్లకు పొగ వేయడానికి అమ్మా, మంచిది ఇయ్యి" అంటే నాలుగు పలుకులు ఎక్కువే వేసేదాన్ని. పసిదాని కోసం అడిగినప్పుడు కొసరు వేయకుండా ఎట్లా ఉంటాం?

ఆ కొసరు ఇప్పుడు వేయడం లేదు. ఎందుకో చెప్పాలంటే నా మనవడి ఇరవై ఎనిమిదో రోజు దగ్గర మొదలుపెట్టాలి.

మూడేళ్ల కిందటి పుష్యమాసం. మా బిడ్డ తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. తొట్టెల వేడుక అయిపోయింది, చుట్టాలు వెళ్లిపోయారు. ఆ ఏడు చలి ఎక్కువ. పొద్దున తొమ్మిదైనా గోదావరి మీద మంచు లేవలేదు. బాలింతకు గాలి సోకొద్దని గది కిటికీలు రెండూ మూసి, వాటి సందుల్లో పాత బట్టలు కుక్కాను. మా అత్తమ్మ అప్పుడు ధర్మాబాద్‌లో మా ఆడబిడ్డ ఇంటికి పోయి ఉంది. పిల్లవాడికి నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకొని నీళ్లు పోశాను. ముందురోజు నుంచి వాడి ముక్కు కొంచెం బిగుసుకొని ఉంది. ఊదు పొగ పడితే జలుబు విడుస్తుందనుకున్నాను. దుకాణంలోంచి కొత్తగా వచ్చిన కప్పు సాంబ్రాణి రెండు తెచ్చి ఆ గదిలోనే వెలిగించాను. బొగ్గుపొడితో అచ్చుపోసిన చిన్న గిన్నెలవి, మధ్యలో సాంబ్రాణి పొడి ఉంటుంది. అంటుకున్నాక తలుపు దగ్గరగా వేసి, పిల్లవాడిని రెండు చేతుల మీద పట్టుకొని ఆ పొగ మీద అటూ ఇటూ తిప్పాను. వీపు, తల, చాతీ. వాడు దగ్గాడు. కళ్లు గట్టిగా మూసుకొని ముఖం ఎర్రగా చేశాడు. "కఫం కదులుతున్నదే" అన్నాను బిడ్డతో. ఆ మాట నేనే అన్నాను.

మధ్యాహ్నం పాలు తాగలేదు. రొమ్ము పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం. మూడింటికి మా బిడ్డ "అమ్మా, వీడు గట్లెందుకు ఊపిరి తీస్తుండు?" అంది. చూశాను. నాకు ముందు తోచింది దిష్టి. తొట్టెల నాడు వచ్చినవాళ్లలో ఎవరి కన్ను పడిందోనని ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేశాను. ఇల్లంతా ఘాటు కమ్మింది. పొద్దున వేసిన పొగ చాలక అది కూడా నేనే కలిపాను. అయిదింటికి వాడు డొక్కలు ఎగరేస్తున్నాడు. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. అప్పుడు కారు మాట్లాడుకొని, వంతెన దాటి, నవీపేట మీదుగా నిజామాబాద్ పరుగెత్తాం. 35 కిలోమీటర్లు. ఆ దారి నాకు కొత్తది కాదు, సరుకు కోసం నెలకు రెండుసార్లు పోయేదే. అంత పొడుగు దారని ఆనాడే తెలిసింది.

డాక్టరమ్మ ఒక నిమిషం గడియారం చూస్తూ వాడి పొట్ట కదలికలు లెక్కపెట్టింది. డెబ్బై దాటాయి. ఆక్సిజన్ పెట్టించి, నావైపు తిరిగి "ఇంట్లో పొగ ఏమన్నా ఉంటుందా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా. మాది గ్యాస్ పొయ్యి. ఇంట్లో బీడీ, సిగరెట్ తాగేవాళ్లు ఎవరూ లేరు" అన్నాను.

ఆమె పిల్లవాడికి చుట్టి తెచ్చిన బట్టను ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. "మరి ఇదేంది?"

"అది ఊదమ్మా" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. నా మనసులో ఊదు పొగల లెక్కలోకి రాదు. అది పూజ, వైద్యం, పురుడు జరిగిన ఇంటి వాసన. పొగ అంటే పొయ్యిది, బీడీది, చెత్త కాల్చినది. ముప్పై ఏళ్లు అమ్మిన వస్తువుకు నేను పెట్టుకున్న పేరు, వాడి ఊపిరితిత్తులు దానికి పెట్టిన పేరు వేరు వేరని ఆ బల్ల దగ్గర నిలబడి తెలుసుకున్నాను.

ఆమె కోప్పడలేదు. చలికాలపు జలుబు వైరస్ అప్పటికే వాడి ఊపిరి గొట్టాల్లోకి దిగి ఉంటుందని, పొగ ఒక్కటే దీనికి కారణం అనలేనని, అయితే వాచిన గొట్టంలోకి పొగ పంపితే అది ఇంకా బిగుసుకుంటుందని చెప్పింది. నెలల పిల్లల ఊపిరి దారి ఎంతో సన్నం. మనకు గొంతు గరగరగా అనిపించే వాపు వాళ్లకు సగం దారి మూసేస్తుంది. పైగా ఆ వయసులో చాలావరకు ముక్కుతోనే గాలి పీల్చుకుంటారు, ముక్కు బిగిస్తే పాలు కూడా తాగలేరు. రెండు నెలల లోపు పిల్లలు ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీస్తే, డొక్కలు లోపలికి పోతుంటే, పాలు మానేస్తే ఇంటి వైద్యాలు పక్కన పెట్టి వెంటనే తీసుకురావాలంది. నిండు నిమిషం లెక్కపెట్టాలట, అరనిమిషం చూసి రెట్టింపు చేయకూడదట. ఆ లెక్క నాకు మధ్యాహ్నమే తెలిసి ఉంటే దిష్టి తీస్తూ కూర్చున్న ఆ రెండు గంటలు మిగిలేవి.

మూడు రాత్రులు ఉన్నాం. రెండో రోజు కట్లు కట్టే గది ముందు నుంచి పోతుంటే మా దుకాణం సీసా మూత తీసినట్టు వాసన వచ్చింది. ఆగి చూశాను. కాలికి దెబ్బ తగిలిన పిల్లవాడికి నర్సమ్మ ఏదో ముదురు గోధుమరంగు మందు దూదితో పూసి, అది ఆరాక దాని మీద పట్టీ అతికిస్తోంది. అడిగితే "టింక్చర్ బెంజోయిన్" అంది. సాంబ్రాణిని స్పిరిట్‌లో కరిగించిన మందు. చర్మం మీద పలచని పొరలాగా ఆరి జిగటగా నిలుస్తుంది, పట్టీ ఊడకుండా పట్టుకుంటుంది. నా కడుపులో ఏదో తేలికైంది. నేను అమ్మే వస్తువు ఆసుపత్రిలో కూడా ఉంది కదా! మనవడి చేతికి గుచ్చిన సూది మీది పట్టీ పొద్దున్నుంచి లేచిపోతోంది, వాడికీ అది కొంచెం పూయమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "చిన్నపిల్లలకు వద్దమ్మా. వీళ్ల తోలు ఉల్లిపొరంత ఉంటది. ఇది పూసి పట్టీ అంటిస్తే, తీసేటప్పుడు తోలు కూడా వస్తది."

ఒకే వస్తువు, పదేళ్లవాడి కాలికి మందు, నెలవాడి చేతికి గాయం. ఆ నర్సమ్మ రెండు ముక్కల్లో చెప్పింది నేను ఈ వయసు దాకా ఎవరినీ అడగలేదు.

ఇంటికి వచ్చాక నేను అమ్మే వస్తువు ఏమిటో మొదటిసారి తెలుసుకోవాలనిపించింది. ఎక్కడ పండుతుంది, ఏ చెట్టుది? మా నిర్మల్, ఉట్నూరు అడవుల్లో తపసి చెట్టుకు బంక ఉంది, అండుగు చెట్టుకు బంక ఉంది. ఊదు కూడా అట్లాంటిదే, మన అడవిదే అనుకునేదాన్ని. కాదు. అసలు సాంబ్రాణి మన దేశపు చెట్టుది కానే కాదు. ఒక రకం సుమత్రా దీవి కొండల్లోది, ఇంకో రకం లావోస్, ఉత్తర వియత్నాం వైపుది. స్టైరాక్స్ జాతి చెట్లు. బెరడుకు గాటు పెడితే ఆ గాయం మానడానికి చెట్టు పాలలాంటి జిగురు ఊరుస్తుంది. నెలల తరబడి అక్కడే గడ్డకట్టాక గీరి తీస్తారు. 14వ శతాబ్దంలో సుమత్రా చూసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా దీని గురించి రాశాడు. అరబ్బు వర్తకులు 'లుబాన్ జావీ' అన్నారు, జావా ధూపమని. ఆ మాటే అరిగి అరిగి ఐరోపాలో బెంజోయిన్ అయింది. ఫకీరు సాబు నోటి లోబాన్‌కూ, నర్సమ్మ సీసా మీది బెంజోయిన్‌కూ తల్లిమాట ఒకటే అని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మా అండుగు బంక వేరు. దాన్ని పరంగి సాంబ్రాణి అనేవాళ్లున్నారు. బోనాలకు, జాతరలకు వేసే మైసాక్షి వేరు. గుగ్గిలం పేరుతో ఒక్కో ఊళ్లో ఒక్కో జిగురు ఇస్తారు. నిప్పు మీద వేస్తే అన్నీ పొగే కాబట్టి అన్నిటినీ ఒకటే అనుకుంటాం, ఒకదాని గుణం ఇంకోదానికి అంటగడతాం. కీళ్ల నొప్పులకు పెద్దలు చెప్పిన గుగ్గులు మాత్ర తలచుకొని ఊదు పలుకు నోట్లో వేసుకునేవాళ్లను నా కళ్లతో చూశాను.

అసలైన ఊదు గడ్డను విరిచి చూడండి. గోధుమరంగు ముద్దలో తెల్లటి బాదం పలుకులు పొదిగినట్టు ఉంటుంది. విరిచిన చోట తెల్లగా ఉండి, గాలి తగిలిన కొద్దీ ఎరుపెక్కుతుంది. నిప్పు మీద వేస్తే కరిగి, బుడగలు వచ్చి, తెల్లటి పొగ లేస్తుంది. బిస్కెట్లలో వేసే వెనీలా వాసన లీలగా తగులుతుంది. ఆ పొగ మీద చల్లటి మూత బోర్లించి కాసేపాగి చూస్తే లోపల సన్నటి తెల్ల సూదులు మెరుస్తాయి. అది బెంజోయిక్ ఆమ్లం. యునానీ వైద్యులు సత్ లోబాన్ అంటారు. బూజును ఆపే గుణం దానిది. సాలిసిలిక్ ఆమ్లంతో కలిపి తామరకు పూసే విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ చేస్తారు, అందులో ఇది నూటికి 6 పాళ్లు. శరబత్తు సీసాల మీద నిల్వ కోసం కలిపామని రాసే సోడియం బెంజోయేట్ దీని బిడ్డే, ఇప్పుడు దాన్ని పెట్రోలియం నుంచి తీస్తున్నారు గాని. పెద్దవాళ్లు ఊదుకు గుణం ఉందన్నది వట్టి మాట కాదు. ఉంది.

మూత కింద మెరిసిన ఆ సూదులే గొంతులోకి పోతే గీరుతాయి. దగ్గు రావడానికి అదీ ఒక కారణం. పెద్దవాడికి ఆ దగ్గుతో కఫం కదిలితే కదలవచ్చు. నెల బిడ్డకు అది గీరుడే. "కఫం కదులుతున్నదే" అని నేను సంబరపడింది ఆ గీరుడు చూసి.

ఇంతా చేసి ఆ రోజు నేను వెలిగించిన కప్పుల్లో సాంబ్రాణి పలుకు ఎంత ఉందో నాకు తెలియదు. ఒక కప్పు విరగ్గొట్టి కాగితం మీద పోసి భూతద్దంతో చూశాను. బొగ్గు, రంపపు పొట్టు, ఏదో రంగు, పైన అత్తరు వాసన. బొగ్గు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, కంటికి కనబడదు. తలుపులు మూసిన గదిలో పెద్దవాళ్లనే నిద్రలో తీసుకుపోతుంది. చలికి కుంపటి పెట్టుకొని పడుకున్నవాళ్లు తెల్లారి లేవకపోవడం మనం ప్రతి చలికాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. చదివి, ఆ వార్తను కుంపటి దగ్గరే వదిలేశాం. సాంబ్రాణి కింద ఉన్నదీ బొగ్గే కదా అని నాకు తట్టలేదు.

అత్తమ్మ ధర్మాబాద్ నుంచి వచ్చాక జరిగింది అంతా చెప్పాను. "మీరు చేసినట్టే చేసిన అత్తమ్మా" అని ఏడ్చాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. "నేను పిల్లగాన్ని పొగల పెట్టిన్నా? ఎప్పుడు పెట్టిన బిడ్డా?"

"పెట్టలేదా? మా బిడ్డకు, కొడుక్కు..."

"బట్టకు పెట్టిన."

ఆమె లేచి పెరట్లోకి నడిచింది. ఎనభైకి దగ్గర పడిన మనిషి, నడుము వంగింది, చేతులు వంగలేదు. వేపచెట్టు కింద మట్టి మూకుడు పెట్టింది, నిప్పులు వేయించింది. ఊదు రెండు వేళ్లతో చిటికెడు తీసి చల్లింది. దాని మీద వెదురు గంప బోర్లించి, గంప మీద పాత ధోతి ముక్క పరిచింది. చలికాలం, వానాకాలం పిల్లల గుడ్డలు ఆరవు, చెమ్మ వాసన వేస్తాయి. ఈ వెచ్చదనానికి ఆరతాయి, వాసన పోతుంది. కాసేపయ్యాక ఆ గుడ్డ తీసి గాలికి ఎదురుగా పట్టుకొని మూడుసార్లు దులిపింది. దండెం మీద వేసింది. "ఆరినంక మడత పెడుదు. పిల్లగాడు లోపల్నే ఉండేటోడు. బాలింత తల మాత్రం గంప మీద ఆరబెట్టేది, అది గూడ ముఖం అటు తిప్పి."

అప్పుడు గుర్తుకొచ్చింది. పెరట్లో నులక మంచం, వెనక్కి వేలాడేసిన నా జుట్టు కింద గంప, ముఖానికి తగిలే చల్లగాలి, లోపలి నుంచి బిడ్డ ఏడుపు. అవును, నా బిడ్డ లోపలే ఉండేది. ఇన్నేళ్లలో నాకు వాసన మిగిలింది, ఆమె చేతుల పద్ధతి జారిపోయింది. వాసన చుట్టూ నా సొంత పద్ధతి ఒకటి కట్టుకొని, దానికి మా అత్తమ్మ పేరు పెట్టుకున్నాను.

ఇల్లు కూడా మారింది. అప్పటిది గూనపెంకుల ఇల్లు. లోపల పొయ్యి ముట్టిస్తే పెంకుల సందుల్లోంచి పొగ పైకి లేవడం వీధిలోకి కనిపించేది. ఇప్పటిది స్లాబు. తలుపు వేస్తే లోపలిది లోపలే.

పెద్దలందరూ మా అత్తమ్మలాగే చేశారని మాత్రం చెప్పను. అది నిజం కాదు. మా పుట్టింట్లో పిల్లల్ని పొగ మీద పట్టుకునేవాళ్లు. నా తమ్ముడు రెండేళ్లు వచ్చేదాకా దగ్గుతూనే ఉన్నాడు, పక్షిదోషం అన్నారు, తాయెత్తు కట్టారు. నాకంటే ముందు పుట్టిన ఆడపిల్ల నలభై రోజులు కూడా నిండకుండా పోయిందని అమ్మ చెప్పేది. ఎందుకు పోయిందో ఎవరూ వెతకలేదు. పొగ వల్ల అని నేననను, అనడానికి నా దగ్గర ఏమీ లేదు. 'మేమంతా ఆ పొగలో పెరిగినవాళ్లమే కదా' అని నాతో వాదించేవాళ్లు రోజుకొకరు దొరుకుతారు. అప్పుడల్లా పేరు కూడా పెట్టని ఆ అక్క గుర్తుకొస్తుంది. పెరిగినవాళ్లమే కదా ఈ మాట అనగలిగేది.

ఇప్పుడు చంటిపిల్లకని ఊదు అడిగితే ముందు పిల్ల వయసు అడుగుతాను. పసివాళ్లున్న గదిలో వేయొద్దని చెప్తాను. ఆయాసం ఉన్నవాళ్ల ఇంట్లో కూడా అంతే. పూజకైతే తలుపులు, కిటికీలు తీసి, చిటికెడు వేసి, పొగ పోయాక పిల్లలను తీసుకురమ్మంటాను. దోమలకు అడిగితే దోమతెర కొనుక్కొమ్మంటాను. అది మా దుకాణంలో లేదు, పక్క దుకాణం చూపిస్తాను. గొంతు బొంగురుపోయినప్పుడు వేడినీళ్లలో టింక్చర్ వేసి ఆవిరి పట్టే పెద్దవాళ్లుంటారు. పట్టుకోవచ్చు, కాని ఆ సీసాలో ఉన్నది స్పిరిట్, మంట దగ్గర తెరవకూడదు, తాగకూడదు. కొందరికి ఆ మందు పూసిన చోట దురద పెట్టి పొక్కులు వస్తాయి, అట్లా వచ్చినవాళ్లు మళ్లీ వాడొద్దు. మరుగుతున్న గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టి దుప్పటి కప్పడం ఇంకో ప్రమాదం, ఒక్క తన్నుతో నీళ్లు ఒళ్లోకి వస్తాయి. కర్పూరం కొబ్బరినూనెలో కాచి పసివాళ్ల చాతీకి రాస్తామని కొంటుంటే అదీ వద్దంటాను. కర్పూరం ఒంట్లోకి పోతే పిల్లలకు ఫిట్స్ వస్తాయి.

అమ్మకం తగ్గింది. మా ఆయన మొదట్లో గొణిగాడు, ఇప్పుడు నేను లేనప్పుడు ఆయనే అడుగుతున్నాడు, "పిల్ల ఎన్ని నెలలది?" అని.

మొన్న వసంత పంచమికి మనవడికి అక్షరాభ్యాసం చేయించాం. తెల్లవారుజామున నాలుగింటి నుంచే వరస, చలికి పిల్లలందరూ శాలువాల్లో మూటల్లాగా ఉన్నారు. పంతులుగారు వాడి చెయ్యి పట్టుకొని పలక మీద దిద్దించారు. అమ్మవారి పసుపు నాలుక మీద పెట్టగానే ముఖం చిట్లించి, తర్వాత చప్పరించాడు. దుకాణానికి వచ్చేసరికి కట్ట దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. పెద్దవాడికి పలక కొనిపించి, చంకలోని చంటిదానికి సాంబ్రాణి ఇవ్వమంది. నెలన్నర అట. నేను చెప్పేదంతా విని, "మా అత్తమ్మ ఊకోదమ్మా. తీసుకొని రమ్మని మరీ మరీ చెప్పింది" అంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ ఇంట్లో ఆమె మాట ఎంత నెగ్గుతుందో నాకు తెలియదా.

సీసా తీశాను. చిన్న పొట్లం కట్టాను. "మీ అత్తమ్మకు చెప్పు బిడ్డా, బాసరల ఒక ముసలామె ఉంది, ఎందరినో పెంచింది, ఊదు బట్టకు పెట్టాలె, పిల్లకు పెట్టొద్దని చెప్పిందని చెప్పు" అన్నాను. లోపల అరుగు మీద కూర్చున్న మా అత్తమ్మ అది వింది. గోడ పట్టుకొని లేచి, నెమ్మదిగా ముందుకు వచ్చి, ఆ పిల్ల చంకలోంచి శాలువా కొస అందుకుంది. గంప ఎట్లా బోర్లించాలో, గుడ్డ ఎట్లా దులపాలో చేతులతో చూపించడం మొదలుపెట్టింది. పక్కన నా మనవడు పసుపు అంటిన మూతితో, బలపంతో ఆ దులపడాన్ని పలక మీద గీస్తున్నాడు.